లోక్‌సభలో పాసైతే చట్టం అయిపోయినట్టేనా? – సమాధానం

తమ్మీ, గ్రూప్-2 మాక్ టెస్ట్‌లో లోక్‌సభ పాస్ చేసిన రోజే చట్టమైందని పెట్టినవు, తప్పని కొట్టేశారు అన్నవు కదా. వాళ్లు కొట్టేసింది కరెక్టే. మన తెలంగాణ బిల్లునే పట్టుకో, హన్మకొండలో చిన్న పిల్లగాడిని అడిగినా చెప్తడు: 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ, మార్చి 1న రాష్ట్రపతి సంతకం, చట్టమైంది ఆ సంతకంతోనే. మరి జూన్ 2 ఏంది అంటవా, అది కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన అపాయింటెడ్ డే, అంటే చట్టం పుట్టిన రోజు వేరు, రాష్ట్రం పుట్టిన రోజు వేరు, సరిగ్గా ఇక్కడే తిప్పి అడుగుతారు. ఉమ్మడి అసెంబ్లీ ఆ బిల్లును తిరస్కరించినా పార్లమెంటు ఆగలేదు, ఎందుకంటే రాజ్యాంగంలోని 3వ అధికరణం ప్రకారం అసెంబ్లీని అడిగేది అభిప్రాయమే, అనుమతి కాదు.

మనీ బిల్లయితే, అంటే పన్నులు, సర్కారు ఖర్చుల లాంటి వాటి బిల్లయితే, రాజ్యసభ చేతిలో ఉండేది 14 రోజులే, సూచనలు చేయొచ్చు గానీ ఆపలేదు. మామూలు బిల్లు మీద రెండు సభలకూ పొసగకపోతే ఉమ్మడి సమావేశం ఉంటుంది, ఇప్పటిదాకా మూడు బిల్లులకే ఆ అవసరం పడింది, 1961లో వరకట్న నిషేధం వాటిలో మొదటిది. రాజ్యాంగ సవరణకు మాత్రం ఆ దారి లేదు, రెండు సభలూ విడివిడిగా పాస్ చేయాల్సిందే. ఈసారి ప్రశ్నలో ‘ఆమోదం’ అని కనిపిస్తే ఎవరి ఆమోదమో చూసి టిక్ పెట్టు.