రేవు మెట్లు లెక్కపెట్టి దిగు

చి. బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. జూన్ చివర్లో నువ్వు ఒక్కదానివే అమెరికా పడమటి కొండల్లోని మోంటానా రాష్ట్రానికి వెళ్తున్నావనీ, అక్కడి గాలటిన్ నదిలో ట్రౌట్ చేపలు పట్టడానికి ఫ్లై రాడ్ అనే గాలపు కర్ర కూడా కొన్నావనీ చెప్పింది. మీ తాతయ్య రాజమండ్రిలో కోటిలింగాల రేవు దగ్గర గాలం వేసేవాడు. ఆయన తర్వాత నేను, ఇప్పుడు నువ్వు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు సంతోషంగా కూర్చున్నాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు మామూలు సంగతులు. చేపలు పట్టే లైసెన్సు ఆన్‌లైన్లో తీసుకో. నది పైభాగం ఎల్లోస్టోన్ పార్కులో ఉంది. అక్కడ మోంటానా లైసెన్సు చెల్లదు, పార్కు పర్మిట్ వేరే కావాలి. అడుగున ఫెల్ట్ గుడ్డ ఉన్న బూట్లు కూడా పార్కులోకి రానివ్వరు, రబ్బరువి కొనుక్కో. తొమ్మిదడుగుల ఐదో నంబరు రాడ్ చాలు. కళ్ళజోడు, టోపీ లేకుండా లైన్ విసరకు. ఎలుగుబంట్లని తరిమే స్ప్రే బ్యాగులో కాదు, నడుముకి ఉండాలి.

గాలటిన్ మీద ఆనకట్ట లేదు. కొండల మీది మంచు కరిగి, గుండ్రాళ్ళ మీదుగా దూకుతూ వస్తుంది. అలాంటి నదిని అక్కడ ఫ్రీస్టోన్ అంటారు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి, రాయి చాటునో, వడి నీళ్ళూ నిదానం నీళ్ళూ కలిసే గీత పక్కనో ఒదిగి ఉంటుంది. కొట్టుకొచ్చే పురుగుల్ని అక్కడి నుంచే అందుకుంటుంది. నీ ఫ్లై, అంటే పురుగులా కనిపించేట్టు ఈకలతో కట్టిన గాలపు ముల్లు, ఆ గీత మీద పడి, నీళ్ళతో పాటు అదే వేగంతో రావాలి. వడి నీళ్ళు లైన్‌ని లాగేశాయంటే ఫ్లై నీళ్ళను చీల్చుకుంటూ పోతుంది, చేప దాన్ని ముట్టదు. అందుకని లైన్ పడగానే రాడ్ కొన ఎత్తి, లైన్‌ని ఎగువకి తిప్పి వెయ్యి. నాకు ఈ ఒక్కటీ చేతికి రావడానికి రెండు వేసవులు పట్టింది. దూరం విసరలేకపోతున్నానని దిగులు పడకు. ఇరవై అడుగులు చాలు.

నువ్వు వెళ్ళే రోజుల్లోనే సాల్మన్‌ఫ్లై అనే పెద్ద పురుగు బయటికి వస్తుంది. వేలంత పొడవు, నారింజ రంగు పొట్ట. మూడు నాలుగేళ్ళు రాళ్ళ కింద పెరిగి, చివరికి ఒడ్డుకి పాకి వచ్చి రెక్కలు తొడుక్కుంటుంది. అవి ఒడ్డు పొదల నుంచి నీళ్ళలో రాలిపడుతుంటే పెద్ద చేపలు కూడా ఒడ్డు దగ్గరికే వస్తాయి. అంటే నువ్వు మోకాలి లోతు దాటి వెళ్ళాల్సిన అవసరమే లేదు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో విను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1999 జూన్ చివరి వారం, బాగా ఎండ కాస్తున్న శనివారం. పొద్దున ఎనిమిదింటికి రోడ్డు వైపు నుంచి అవతలి ఒడ్డుకి నడిచి దాటాను. నీళ్ళు తొడల దాకా వచ్చాయి, అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి. అవతల పొదల కింద ఒక పెద్ద బ్రౌన్ ట్రౌట్ మాటిమాటికీ పైకి లేస్తోంది. దాని కోసమే వెళ్ళాను. అది పడలేదు, వేరే మూడు పడ్డాయి. అన్నం మాట మరిచిపోయాను. సాయంత్రం ఐదింటికి తలెత్తి చూస్తే, నేను దాటిన చోట గుర్తు పెట్టుకున్న రాయి కనబడలేదు. నీళ్ళు టీ రంగుకి తిరిగాయి.

పగలు ఎండకి కరిగిన మంచు కొండ దిగి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే ఆ రోజుల్లో పొద్దున తగ్గి ఉన్న నది సాయంత్రానికి పెరుగుతుంది. ఇది నాకు తెలియనిది కాదు. వరద రోజుల్లో మీ తాతయ్య రెండు పూటలా రేవుకెళ్ళి, నీళ్ళ పైన ఎన్ని మెట్లు మిగిలాయో లెక్కపెట్టి వచ్చేవాడు. నిన్న పదకొండు, ఇవాళ ఎనిమిది అనేవాడు. ఎర్రనీళ్ళు వచ్చి మూడు మెట్లు మునిగాయంటే మమ్మల్ని ఇక అటు పోనిచ్చేవాడు కాదు. ఆయన కొడుకునై ఉండి, ఆ రోజంతా ఒక్కసారి కూడా నీళ్ళ మట్టం చూడలేదు.

రెండు మైళ్ళ దిగువన బ్రిడ్జి ఉంది. నడిస్తే గంట. కానీ ఇంటికి భోజనానికి మనుషులు వస్తున్నారు, ఆరింటికల్లా వచ్చేస్తానని మీ అత్తయ్యకి చెప్పాను. పైగా గోదారి ఈదినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను. నది మధ్యకి వెళ్ళేసరికి నీళ్ళు నడుం దాటాయి, కాళ్ళ కింద రాళ్ళు దొర్లడం మొదలైంది. భయం వేసి వెనక్కి తిరిగాను. తిరిగే ఆ క్షణంలో ప్రవాహం ఒంటి మీద అడ్డంగా పడి నన్ను ఎత్తేసింది. ఆ చలికి ఊపిరి ఆడలేదు బుజ్జీ. నాకొచ్చిన ఈత ఏదీ పనికి రాలేదు. ఉక్కగా ఉందని వేడర్స్ (నీళ్ళలో దిగడానికి ఛాతీ దాకా వేసుకునే తడవని ప్యాంటు) బెల్టు వదులు చేసుకున్నాను, నీళ్ళు లోపలికి నిండి కాళ్ళు బరువెక్కాయి. నిలబడబోతే ఎడమ పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. వెనక నుంచి నీళ్ళు నా తలని కిందికి తొక్కేస్తున్నాయి. ఆ పాదం ఎలా ఊడి వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. దిగువన మలుపులో గులకరాళ్ళ మేట మీద పడ్డాను. ఇల్లు చేరేసరికి తొమ్మిదయింది. అత్తయ్య ఒక్క మాట అనలేదు. కింద కూర్చుని నా తడి మేజోళ్ళు తీసి, వాచిన మడమ చూసి ఏడ్చింది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, విసుక్కోకు. బయల్దేరే ముందు గాలటిన్ గేట్‌వే ఊరి దగ్గర ప్రభుత్వ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ పెట్టిన గేజ్‌లో నది ప్రవాహం ఎంతుందో ఫోన్‌లో చూసుకో. మంచు కరిగే రోజుల్లో సెకనుకి వేల ఘనపుటడుగులు ఉంటుంది, ఆగస్టు చివరికి వందల్లోకి దిగుతుంది. వేలల్లో ఉంటే ఒడ్డునే ఉండు. వెళ్ళగానే సగం మునిగిన రాయి ఒకటి చూసి పెట్టుకుని, గంటకోసారి దాని వైపు చూడు. నది దాటనే దాటకు. బెల్టు బిగించుకో. నీళ్ళలో వెనక్కి రావాల్సి వస్తే తిరగొద్దు, ఎగువకి ముఖం పెట్టి పక్కకి జరుగుతూ రా. ఒకవేళ పడితే నిలబడాలని చూడకు. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు దిగువకి పెట్టి, చేతులతో ఒడ్డు వైపు తోసుకో. నీళ్ళలోకి పడిన చెట్లు ఉన్న చోట అసలు దిగొద్దు. హౌస్ రాక్ అనే పెద్ద బండ దగ్గర నది చాలా ఉధృతంగా ఉంటుంది, అటు పోకు.

చేప పడితే చేయి తడుపుకుని పట్టుకో, ఫోటో కోసం ఎక్కువసేపు పైకి ఎత్తి ఉంచకు. ట్రౌట్ సొంతంగా పెరగగల నదుల్లో పెంపకపు చేపల్ని వదలడం మోంటానా 1974లో ఆపేసింది. నీ చేతికి వచ్చేది ఆ నదిలో పుట్టిన చేపే. పట్టిన చేప పులుసుకే అనుకుని పెరిగిన నాకు మొదటి చేపని వదలడం చాలా కష్టమైంది. అది తోక ఆడించి రాయి చాటుకి వెళ్ళిపోవడం చూశాక మళ్ళీ వండాలనిపించలేదు.

చిన్నప్పుడు నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు, నేను ఫ్లైలు కడుతుంటే నెమలి ఈక పట్టుకుని పక్కన కూర్చునేదానివి. చేపలకి నెమలి ఎందుకు మామయ్యా అని అడిగావు. ఆ ఈకతో కట్టిన నిమ్ఫులు, అదే నీళ్ళలో మునిగే ఫ్లైలు, ఆరు పంపుతున్నాను. నా మోకాళ్ళు బాగుంటే వాటితో పాటు నేనూ వచ్చేవాణ్ణి.

పెట్టెలో నా చేతికర్ర, కొత్త బెల్టు కూడా ఉన్నాయి. కర్ర ఎప్పుడూ ఎగువ వైపు ఆనించి, అది నిలిచాకే అడుగు వెయ్యి. గురువారానికి నీకు చేరుతుంది. సంతకం పెట్టి తీసుకోవాలిట, నువ్వు ఆఫీసులో ఉంటే పక్కింటివాళ్ళకి చెప్పి ఉంచు.

నీ మామయ్య