ఎచింగ్‌లో దూరం, దగ్గర: గీసేది సూది, తేల్చేది యాసిడ్

19వ శతాబ్దపు ప్రకృతి దృశ్యాల ఎచింగుల్లో (లోహపు పలక మీది గీతలను యాసిడ్‌తో తినిపించి, వాటిలో ఇంకు నింపి కాగితం మీద అచ్చు తీసే బొమ్మలు) దూరపు కొండలు అంత లేతగా, దగ్గరి చెట్లు అంత నల్లగా ఎలా వస్తాయి, ఆ కాలంలో వాటికంత గౌరవం ఎందుకు అని అడిగారు.

సూదిని గట్టిగా నొక్కినంత మాత్రాన గీత నల్లబడదు. రాగి పలక మీది మైనపు పూతను చీల్చడం వరకే సూది పని. గీత లోతు, పలక యాసిడ్‌లో ఎంతసేపు ఉందన్న దాన్ని బట్టే ఉంటుంది. లోతైన గీతలో ఇంకు ఎక్కువ నిలిచి అచ్చు నల్లగా పడుతుంది. బొమ్మంతా గీసి పలకను ముంచి, 5 నిమిషాలకు తీసి, కడిగి, ఆరాక కొండల మీద వార్నిష్ పూసేస్తారు. ఇక అవి ముదరవు. మళ్లీ ముంచి, ఇంకో 10 నిమిషాలకు నడిమి పొలాలు మూసేస్తారు. ముందున్న చెట్ల మొదళ్లకు మొత్తం 40 నిమిషాల నుంచి గంట. ఇవి ఫెర్రిక్ క్లోరైడ్‌కు సుమారు లెక్కలు (యాసిడ్ బదులు వాడే ద్రావణం, సర్క్యూట్ బోర్డుల కోసం ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అమ్మేదే). ఎండాకాలంలో ఇంకా త్వరగా తింటుంది, ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. గీతల్లో మడ్డి పేరుకోకుండా పలకను బోర్లా ఉంచాలి.

చాలామందికి పని చెడేది ముదురు చోట్లే. నలుపు కోసం గీతలు మరీ దగ్గరగా గీస్తే మధ్యలో మైనం లేచిపోయి అంతా ఒకే గుంటవుతుంది. వెడల్పు గుంటలో ఇంకు నిలవదు, తుడిచే గుడ్డతోనే వచ్చేస్తుంది. నలుపు రావలసిన చోట బూడిదరంగు మచ్చ మిగులుతుంది. ఎడంగా గీసి, ఎక్కువసేపు ముంచండి.

లండన్ సర్జన్ ఫ్రాన్సిస్ సేమూర్ హేడెన్ ఈ వరసను తిరగేశాడు. నెమ్మదిగా తినే ద్రావణంలో పలక ఉండగానే, ముందు నల్లగా రావలసిన గీతలు, చివర్న దూరపువి గీసేవాడు. హైడ్రోక్లోరిక్ యాసిడ్, పొటాషియం క్లోరేట్ కలిపిన ఆ ద్రావణం ఇంట్లో చేయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

ఇక గౌరవం సంగతి. అప్పట్లో లోహపు పలక మీద చెక్కడమంటే ఎక్కువగా ఒకరి పెయింటింగుకు మరొకరు చేసే నకలు. ఆ పనిని ఫొటో లాగేసుకుంది. చిత్రకారుడు తానే గీసిన గీతకు మాత్రం విలువ పెరిగింది. 1862లో పారిస్‌లో ప్రచురణకర్త కదార్ ఎచింగ్ కళాకారుల సంఘం పెట్టాడు. పడవనే స్టూడియోగా చేసుకుని నదుల మీద తిరిగిన ఫ్రెంచ్ చిత్రకారుడు డోబిన్యీ తన పడవ ప్రయాణపు ఎచింగులను అదే ఏడు అచ్చువేశాడు. హేడెన్ 1880లో స్థాపించిన సంఘం పేరులోనే ‘పెయింటర్-ఎచర్స్’ (తామే ఎచింగ్ చేసే చిత్రకారులు) అని ఉంది.

మరో మాట: ఆకాశాన్ని గీతలతో నింపకండి. పారిస్ ముద్రాపకుడు దెలాత్ర్ చేసినట్టు, తుడిచేటప్పుడు పలక మీద పలుచని ఇంకు పొర వదిలితే అదే మబ్బు. ప్రతి అచ్చులో ఆ పొర కొంచెం మారుతుంది. సేకరించేవాళ్లు ఒకే పలక అచ్చులను పక్కపక్కన పెట్టి పోల్చేది అందుకే.