నడక తెలియని జీవితం ఎలా ఉంటుంది? – నా అనుభవం

‘చిన్నప్పటి నుంచీ నడవలేనివారికి ఆ లోటు రోజూ బాధిస్తుందా?’ అని అడిగారు. నా సంగతి చెబుతాను.

1979లో, పద్నాలుగో నెలలో, నాకు పోలియో వచ్చింది. రెండు కాళ్ళూ పడిపోయాయి. అప్పటికి నాలుగడుగులు వేశానట. ఆ అడుగులు అమ్మకు గుర్తున్నాయి, నాకు లేవు. నడక పోయిందన్న దుఃఖమంతా అమ్మే మోసింది. నాకు ఊహ తెలిసేసరికి నేను పాకుతున్నాను, అంతే.

నన్ను బాధించేవి ఎత్తులు. గడప, బస్సు మెట్టు, పెళ్ళి మండపం. ఎవరు పిలిచినా ముందు మెట్లెన్ని, కమోడు ఉందా అని అడుగుతాను. ప్రయాణం ఉన్న రోజు పొద్దున్నుంచీ మంచినీళ్ళు ముట్టుకునేవాణ్ణి కాదు. ఏళ్ళ తరబడి అలా చేసి మూత్రపిండాల్లో రాళ్ళు తెచ్చుకున్నాను. ఇది చదివేవారిలో నాలాంటివారు ఉంటే, దయచేసి నీళ్ళు మానకండి.

ఎనిమిదో ఏట కాలిపర్లు వచ్చాయి. కాలికి రెండు పక్కలా ఇనుప కడ్డీలు, తొడకు తోలు పట్టీలు, అడుగున బరువైన బూటు. నిలబడాలంటే మోకాలి దగ్గర లాకు వేయాలి, కూర్చోవాలంటే తీయాలి. వానాకాలంలో తోలు తడిసి బిగుసుకుపోయి, తొడ ఒరుసుకుపోయేది. అమ్మ కొబ్బరినూనె రాసి, పాత నూలు చీర ముక్క మడిచి పట్టీ కింద పెట్టేది. పెడుతూ ప్రతిసారీ ఒకే మాట అనేది: ‘ఆ సూది వేయించకపోతే నీ కాళ్ళు నిలిచేవిరా.’

పద్నాలుగో నెలలో వచ్చిన ఆ జ్వరానికి రెండు రోజులు వరుసగా సూదులు వేయించారు. మూడో రోజు కాళ్ళు కదల్లేదు. అమ్మది వట్టి అనుమానమని చాలాకాలం అనుకున్నాను. పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను: పోలియో వైరస్ ఒంట్లో ఉన్నప్పుడు కండకు సూది వేస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. వైరస్ సోకిన దాదాపు 200 మందిలో ఒకరికే కాళ్ళో చేతులో పడిపోతాయి. ఆ ఒక్కరిలో నేను ఉండటానికి సూది కారణమో కాదో ఎవరూ చెప్పలేరు. అమ్మకు మాత్రం ఒకటే చెప్పాను: ‘బిడ్డకు జ్వరం వస్తే సూది వేయించడమే ఆనాడు తల్లి చేయవలసిన పని. నువ్వు ఆ పని చేశావు.’ ఆ మాట నేను ఇరవై ఏళ్ళు ముందే చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు నా భుజాలు అరిగిపోయాయి. చక్రాల కుర్చీ వాడమని డాక్టరు చెప్పినా, ఓడిపోయినట్టవుతుందని మూడేళ్ళు మొండికేశాను. అది పొరపాటు. కుర్చీలో కూర్చున్నాకే సాయంత్రానికి నాలో ఓపిక మిగలడం మొదలైంది.

1995లో పల్స్ పోలియో మొదలైంది. ఆ ఆదివారం వచ్చిందంటే అమ్మ వంట సంగతి పక్కన పెట్టేది. వీధిలో చంటిపిల్లలున్న ప్రతి ఇంటి తలుపూ తట్టి, తల్లులను కేంద్రానికి పంపేది. సాయంత్రం మళ్ళీ బయలుదేరి, ఒక్కో బిడ్డ చిటికెన వేలు పట్టుకుని సిరా గుర్తు ఉందో లేదో తానే చూసుకునేది.