మిద్దెతోటలో నీళ్లు పెట్టినా పిట్టలు ఎందుకు రావట్లేదు?

హైదరాబాద్‌లో మిద్దె మీద స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టినా ఒక్క పిట్టా వాలట్లేదని అడిగారు. ముందు ఆ గిన్నె తీసేయండి. 40 డిగ్రీలు దాటే మే నెల ఎండకు అందులో నీళ్లు కాగిపోతాయి, అంచు మీద కాళ్లు జారతాయి. వెడల్పాటి మట్టి మూకుడు పెట్టండి. మట్టిలోంచి తేమ ఊరి ఆవిరవుతుంటే నీళ్లు చల్లబడతాయి. లోతు రెండు అంగుళాలు చాలు, మధ్యలో ఒక గరుకు రాయి ఉంచండి.

చోటు ఇంకా ముఖ్యం. పిట్టలకు చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటాయి, అందుకే మిట్టమధ్యాహ్నం నీడ వదలవు. నేను మూకుడును కరివేపాకు కుండీ పక్కకు జరిపిన నాలుగో రోజు పిగిలిపిట్ట వచ్చింది. నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. కొమ్మ మీంచి అటూ ఇటూ చూసి, రాయి మీదికి దిగి, ముక్కు ముంచి, తల పైకెత్తి గుటక వేసింది. అది చూడటానికే ఇప్పుడు రోజూ పొద్దున ఆరింటికి పైకి వెళ్తున్నాను.

నీళ్లు మాత్రం రోజూ మార్చాలి, వారం వదిలేస్తే దోమలు పుడతాయి. పాత నీళ్లు పారబోయకండి, కుండీల్లో పోయండి.