నది మీద దావా

చిరంజీవికి,

ఆశీస్సులు. ‘మియాండర్’ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మైదానంలోకి దిగిన నది తిరిగే మెలికలకు భూగోళశాస్త్రంలో ఉన్న ఈ పేరు ‘వంపు తిరగడం అనే అర్థం గల గ్రీకు మాట నుంచి వచ్చింది’ అని మొదటి పేరాలోనే రాశావు. వ్యవహారం తలకిందులైంది. గ్రీకులకు మయాండ్రోస్ అంటే ఒక నది. దాని మెలికల వల్లే వంకరగా ఉన్న ప్రతిదాన్నీ ఆ పేరుతో పిలుస్తున్నారని ప్రాచీన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. టర్కీ పడమటి భాగంలో ఆ నది నేటికీ పారుతోంది, బ్యుయుక్ మెండెరెస్ అనే పేరుతో. నిఘంటువులో ఒక్క వరుస చూసి ఊరుకుంటే ఇదంతా ఎలా తెలుస్తుంది?

స్ట్రాబో దగ్గర ఇంకాస్త ఆగి ఉంటే అసలు సరుకు దొరికేది. ఆ నది ఒడ్డును కోసేసి పొలాల సరిహద్దులు మార్చేసేదట. నష్టపోయినవాళ్లు నది మీదే దావా వేసేవారట. నది ఓడిపోతే జరిమానాను రేవు సుంకంలోంచి చెల్లించేవారట. అంటే నేరం నదిది, సొమ్ము పడవెక్కినవాళ్లది! గోదావరి లంకల్లో భూమి కోతకు గురైన రైతుకు ఈ ముక్క చెప్పి చూడు, మళ్లీ చెప్పమంటాడు. దీని పక్కనే నది పనితీరు కూడా రాయి. వంపు వెలుపలి ఒడ్డున నీటి వేగం ఎక్కువ, కోత అక్కడే. లోపలి ఒడ్డున నీరు నెమ్మదించి మేట వేస్తుంది. తగాదా ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు. ‘భాష ఒక జీవనది’ అంటూ నింపిన అర పేజీ కొట్టేయి.

లాటిన్ సంగతి క్లుప్తంగా చాలు. రోమన్లు బట్టల అంచు మీది మెలికల అల్లికకూ ఆ మాట వాడారు. వర్జిల్ కావ్యంలో పడవల పందెం గెలిచినవాడికి దక్కిన ఉత్తరీయానికి అలాంటి అంచే ఉంటుంది. 16వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు లాటిన్ నుంచే తీసుకున్నారు.

మిలేటస్‌ను మాత్రం వదలకు. ఒకప్పుడు పెద్ద రేవు పట్టణం. ఈ నది తెచ్చిన ఒండ్రుతో అఖాతం పూడిపోయి, ఇప్పుడు ఆ శిథిలాలు సముద్రానికి కిలోమీటర్ల దూరంలో మిగిలాయి. బాఫా సరస్సు ఆ పాత అఖాతంలోని ముక్కే.

దావాతో మొదలుపెట్టి తిరగరాయి. అన్నట్టు, మెండెరెస్‌ను మూడు రకాలుగా రాశావు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని పంపు.