‘లాట్ ఆఫ్’ నష్టం, ‘కపుల్ ఆఫ్’ రోజులు

సందేహం: మా మండలంలో పంట నష్టంపై తయారైన నివేదికలో ‘‘వానలకు లాట్ ఆఫ్ వరి పడిపోయింది, కపుల్ ఆఫ్ డేస్‌లో లెక్క తేలుతుంది’’ అని రాశారు. మాటల్లో అందరమూ అనేవే కదా, రాతలోనూ ఉండవచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: నివేదికలో ఉండకూడదని నా అభిప్రాయం. అయితే అవి ఇంగ్లీషు మాటలు కావడం అందుకు కారణం కాదు. ఎకరం కూడా ఇంగ్లీషు నుంచి వచ్చినదే. మీ వైపు రొయ్యల రైతు ‘వంద కౌంట్’ అంటే కిలోకు వంద తూగుతాయని అమ్మేవారికీ కొనేవారికీ ఒకే అర్థం అందుతుంది. సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలని రాస్తే ఎవరికీ అనుమానం రాదు. ‘లాట్ ఆఫ్’ అలాంటిది కాదు. ఇంగ్లీషులోనే అది ముచ్చట్లకూ సొంత ఉత్తరాలకూ చెల్లుతుంది గాని, అధికారిక రచనలో దాన్ని మానుకోమనే అక్కడి శైలి బోధకులు చెబుతారు.

దాన్ని ‘చాలా’ అనో ‘బోలెడు’ అనో దిద్దితే వాక్యం తెలుగవుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. పడిపోయిన పైరు ఎన్ని ఎకరాలో తెలిస్తే ఆ సంఖ్య రాయాలి. కొలత ఇంకా పూర్తి కాకపోతే ఆ సంగతే రాయాలి.

‘కపుల్’ మరింత చిక్కైనది. దానికి సరిగ్గా రెండు అనే అర్థమూ ఉంది, ఇంచుమించు రెండు మూడు అనే వాడుకా ఉంది. రాసినవారు రెండో అర్థంలో రాసినా, పరిహారం కోసం ఎదురుచూసే రైతు మొదటిదాన్నే పట్టుకుని మూడో రోజు కార్యాలయానికి వస్తాడు, అతని తప్పేమీ లేదు. ఉజ్జాయింపుగా చెప్పడానికి మనకు ఒకటి రెండు, రెండు మూడు, నాలుగైదు, పదీ పదిహేను వంటి చక్కని జంటలున్నాయి. ఇవి తెలియనిదాన్ని దాచకుండా, దానికి అటూ ఇటూ హద్దు చూపుతాయి. కాబట్టి ‘రెండు మూడు రోజుల్లో’ అనడం నివేదికకూ తగినదే.

‘పుట్ల కొద్దీ ధాన్యం తడిసింది’ వంటి తెలుగు పలుకుబడి విషయంలోనూ మీ జిల్లావారు జాగ్రత్తపడాలి. కథలో అది అతిశయోక్తిగా అందంగా ఉంటుంది. నెల్లూరులో పుట్టి అంటే నేటికీ ధాన్యం బేరాల్లో నడిచే 850 కిలోల కొలత కనుక, నివేదికలో ఆ మాట కనబడితే ‘ఎన్ని పుట్లు?’ అని అడగడం న్యాయం.

రైతు వాంగ్మూలాన్ని అతని మాటల్లోనే ఉటంకిస్తున్నప్పుడు మాత్రం అతను ‘లాట్ ఆఫ్’ అన్నా, ‘బోలెడు’ అన్నా దిద్దకుండా అలాగే ఉంచాలి.