బాపమ్మ సందుగలో చార్మినార్ రూపాయిలు దొరికాయా? చింతపండు జోలికి పోకు

తమ్మీ, నర్సంపేటలో మీ బాపమ్మ సందుగ తీస్తే నిజాం కాలం నాటి వెండి చార్మినార్ రూపాయిలు పద్నాలుగు దొరికాయి, నల్లగా ఉన్నాయి, దేంతో తోమాలి, ఎంత వస్తుంది, గ్రేడింగ్‌కి పంపాలా అని అడిగావు కదా. మొదటిదానికి జవాబు ఒక్కటే, దేంతోనూ తోమకు.

నేను తోమాను కాబట్టి చెప్తున్నా. పదో తరగతి సెలవుల్లో మట్టెవాడలో మా ఇంట్లో ఇట్లాంటివే ఎనిమిది దొరికితే, పండక్కి ఇత్తడి గిన్నెలు తోమినట్టే చింతపండు, బూడిద, కొబ్బరి పీచు వేసి గంటసేపు రుద్ది, తళతళ మెరుస్తుంటే ఇంటిల్లిపాదికీ చూపించుకుని మురిసిపోయాను. కొన్నేళ్లకు హైదరాబాద్‌లో ఒక డీలర్‌కి చూపిస్తే ఆయన భూతద్దం కూడా సరిగ్గా పెట్టలేదు, లైటు కింద అటూ ఇటూ తిప్పి "రుద్దేశారుగా, వెండి ధర ఇస్తా" అన్నాడు. అప్పుడు చూశా, చార్మినార్ మీద వెంట్రుకల్లాంటి సన్నని గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. ఆ నలుపు మురికి కాదు, వెండికి ఏళ్ల తరబడి పట్టిన రంగు, కొనేవాళ్లు దాన్నే కోరుకుంటారు.

ఇక నీ దగ్గరున్నవి ఏంటో చూసుకో. చార్మినార్ ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది, 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంది, 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది, అంటే 1911 తర్వాతది. సంవత్సరం హిజ్రీలో, అంటే ముస్లింల క్యాలెండర్ లెక్కలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్క దాదాపుగా వస్తుంది, 1337 అంటే 1918-19. మా బాపమ్మ వీటిని హాలీ అనేది, ఇంగ్లిష్ వాళ్ల రూపాయిని కల్దారు అనేది, ఏడు హాలీలకు ఆరు కల్దార్లని లెక్క. కంసాలి దగ్గర తూకం వేయించు, హాలీ 11.18 గ్రాముల దగ్గర ఉండాలి, కల్దారు 11.66. అరిగినవి కాస్త తగ్గుతాయి. మరీ తేడా వచ్చినా, అయస్కాంతానికి అతుక్కున్నా నకిలీ. హారానికి కొక్కెం అతికించిన గుర్తు అంచున ఉంటే పాత నాణెంగా దాని ధర పోయినట్టే, అట్లాంటివి మన వైపు చాలా ఉంటాయి.

గ్రేడ్ అంటే ఎంత అరిగిందనే లెక్క. మినార్ల కొనలు, అక్షరాల ఎత్తైన చోట్లు ముందు అరుగుతాయి, పది రెట్లు చూపించే భూతద్దంతో, దీపం పక్కనుంచి పడేలా పెట్టి చూడు. కొనలు మొద్దుబారితే ఫైన్, గీతలన్నీ స్పష్టంగా ఉంటే ఎక్స్‌ట్రా ఫైన్, అసలు చేతులు మారని మెరుపుంటే అన్‌సర్క్యులేటెడ్. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి అమెరికా గ్రేడింగ్ కంపెనీలకు మామూలు సంవత్సరం, అరిగిన హాలీలు పంపితే ఫీజు కూడా రాదు. నావి పంపినా లేబుల్ మీద 'క్లీన్డ్' అని రాసి పంపిస్తారు, అంత సంబరం నాకొద్దు.

దాచడం దగ్గర ఇంకో దెబ్బ తిన్నా. స్టేషనరీ షాపులో కొన్న మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లో రెండు రాగి పైసలు పెడితే, ఒక వానాకాలం గడిచేసరికి పచ్చటి జిగురు పట్టింది. అది ఆ ప్లాస్టిక్‌లోని పీవీసీ పని. మైలార్ (పీవీసీ లేని పారదర్శక పొర) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు తీసుకో, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వెయ్యి, రబ్బరు బ్యాండ్ మాత్రం చుట్టకు, అందులోని గంధకం వెండిని చారలు చారలుగా నల్లబరుస్తుంది. పట్టుకునేది ఎప్పుడూ అంచులతోనే.

ధర సంగతి, వైష్ణోదేవి ఐదు రూపాయల బిళ్లకు లక్షలు ఇస్తామని ఫోన్లు చేసేవాళ్లే దీనికీ వస్తారు. ముందుగా కమీషన్ కట్టమంటే ఫోన్ పెట్టేయి. పాత నాణేలు కొనే పని తనది కాదని, కమీషన్ కూడా తీసుకోనని ఆర్‌బీఐ 2021లోనే చెప్పింది.

రెండు వైపులా ఫొటోలు తీసి సంవత్సరాలు, తూకాలు రాసి పెట్టు, ఆదివారం చూసి చెప్తా.